పసిగుండెలో జారిన స్టెంటు



ఈ మధ్య ఒక పని మీద ధర్మవరం వెళ్లి, రైల్లో హిందూపురం తిరిగి వస్తున్నాను. నా ఎదుటి సీటులో అరవై దాటిన పెద్దావిడ ఒకామె కూర్చుంది. మగ్గం ఉన్న ఇంటి మనిషి. పెనుకొండలో కూతురింటికి పోతోంది. మాటల్లో నేను పిల్లల వార్డులో చాలా ఏళ్లు నర్సుగా పనిచేసి రిటైరైనదాన్నని తెలిసింది. వెంటనే సంచిలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసి, నలిగిన కాగితాలు నా చేతిలో పెట్టింది.

"నా మనవడివి, సిస్టరమ్మా. మూడు నెలల బిడ్డ. పుట్టిన మూడో రోజు నీలంగా అయిపోతే పెద్దాసుపత్రికి ఎత్తుకపోతిమి. గుండెకాడ ఏందో జాలీ గొట్టం పెట్టినారంట. అది జారిపోయిందంట. మళ్లా దాన్ని పట్టి బయటికి తీసి, ఇంకోటి పెట్టినారంట. అట్లా జారిపోయేదాన్ని పెట్టించుకోని ఏం లాభం? చెకప్పుకు రమ్మన్న తేదీ రేపు. మేం పోయేది లేదు. రెండు దినాలాయె, ఆ మాత్ర గూడా మానిపించినాం. పెద్దోళ్లకు గుండెనొప్పికి ఇచ్చే మాత్ర గదా, పసిబిడ్డకేల?" అంది.

చివరి మాట వినేసరికి నా గుండె ఝల్లుమంది. ఎందుకో మీకూ తెలియాలి. ఆమెకు ఆ ప్రయాణంలో చెప్పిన సంగతులనే కాస్త వివరంగా ఈవేళ మీకు చెబుతాను. "ఇది మనకెందుకులే, డాక్టర్లు చూసుకునే విషయం" అనుకోకండి. మన దేశంలో పుట్టే ప్రతి వెయ్యిమంది బిడ్డల్లో సుమారు 8, 9 మందికి గుండెలో ఏదో ఒక లోపం ఉంటుందని అంచనా. అంటే మీ వీధిలోనో, మీ బంధువుల్లోనో ఒక బిడ్డ ఉండనే ఉంటుంది.

ముందు అసలు పసిబిడ్డకు స్టెంటు ఎందుకు పెడతారో చూద్దాం.

కడుపులో ఉన్న బిడ్డ ఊపిరి పీల్చదు కదా. ప్రాణవాయువు తల్లి రక్తం నుంచి, మాయ ద్వారా, బొడ్డుతాడు గుండా అందుతుంది. బిడ్డ ఊపిరితిత్తులకు అప్పుడు పెద్దగా పని ఉండదు. అందుకని అక్కడికి పోవలసిన రక్తాన్ని చాలావరకు పక్కదారి పట్టించడానికి ప్రకృతి ఒక చిన్న అడ్డకాలువ పెట్టింది. ఊపిరితిత్తులకు వెళ్లే పెద్ద నాళానికీ, ఒళ్లంతటికీ రక్తం పంచే బృహద్ధమనికీ మధ్య ఉంటుంది ఇది. దీన్ని డాక్టర్లు డక్టస్ అంటారు. బిడ్డ పుట్టి కేరుమని ఏడ్చాక ఈ కాలువతో పని తీరిపోతుంది. రెండు మూడు రోజుల్లో దానంతట అదే మూసుకుపోతుంది.

కానీ కొందరు బిడ్డలకు గుండె నుంచి ఊపిరితిత్తులకు పోయే అసలు దారే మూసుకుపోయి ఉంటుంది. అటువంటి బిడ్డకు ఈ అడ్డకాలువే దిక్కు. బృహద్ధమని నుంచి వెనక్కి ఆ కాలువ గుండానే కాస్త రక్తం ఊపిరితిత్తులకు చేరుతుంది. అది మూసుకుపోయిందా, బిడ్డ నీలంగా మారిపోతుంది. పుట్టినప్పుడు చక్కగా ఉన్న బిడ్డ మూడో రోజునో నాలుగో రోజునో ఉన్నట్టుండి నీలబడటానికి ఒక కారణం ఇదే. దిష్టి తగిలిందనో, బాలగ్రహమనో అనుకుంటూ కూర్చుంటే ఆ కాస్త సమయం చేజారిపోతుంది.

1970ల నుంచి ఈ కాలువను తెరిచి ఉంచే మందు ఒకటి వాడుకలో ఉంది. పేరు ప్రోస్టాగ్లాండిన్. అయితే అది సెలైన్ లాగా నిరంతరం ఎక్కుతూనే ఉండాలి. ఎన్నాళ్లని ఎక్కిస్తారు? శాశ్వతమైన మార్గం ఏదో కావాలి. ఇక్కడ ఒక స్త్రీ పేరు చెప్పుకోవాలి. అమెరికాలో బాల్టిమోర్ నగరంలో హెలెన్ టాసిగ్ అనే పిల్లల డాక్టరు ఉండేది. ఆమెకు వినికిడి పోయింది. స్టెతస్కోపు పెట్టి వినలేక, బిడ్డ రొమ్ము మీద వేళ్లు ఆనించి గుండె చప్పుడును స్పర్శతోనే తెలుసుకునేది. నీలిబిడ్డలకు ఇంకొక రక్తనాళాన్ని ఊపిరితిత్తుల నాళానికి కలిపితే బతుకుతారు కదా అన్నది ఆమె ఆలోచన. దాన్ని ప్రయోగశాలలో సాధించి చూపినవాడు వివియన్ థామస్ అనే నల్లజాతి సహాయకుడు. శస్త్రచికిత్స చేసినవాడు డాక్టర్ బ్లేలాక్. 1944 నవంబరు 29న మొదటి బిడ్డకు ఆ ఆపరేషన్ జరిగింది. నేటికీ చేస్తున్నారు.

1990ల మొదట్లో మరొక మార్గం వచ్చింది. రొమ్ము కోయకుండా, ఆ అడ్డకాలువలోనే సన్నని లోహపు జాలీ గొట్టం పెట్టి, అది మూసుకుపోకుండా నిలబెట్టడం. ఆ జాలీ గొట్టమే స్టెంటు. పెద్దవాళ్ల గుండె రక్తనాళాలకు వాడే చిన్న స్టెంట్లనే చాలావరకు ఈ బిడ్డలకూ వాడతారు. మన హైదరాబాదులో 1990లలో డాక్టర్ సోమరాజు గారూ, అబ్దుల్ కలాం గారూ కలిసి తక్కువ ధరకు స్టెంటు తయారు చేయించారని మీరు వినే ఉంటారు. ఆ జాతి వస్తువే ఇదీను.

దీన్ని ఎలా పెడతారంటారా? బిడ్డకు మత్తు ఇచ్చి, తొడ మొదట్లో, లేదా మెడ దగ్గరో చంక దగ్గరో ఉన్న రక్తనాళంలోకి సూది గుచ్చుతారు. అందులోంచి వెంట్రుకకన్నా కాస్త లావుగా ఉండే తీగను ఎక్స్‌రే తెర మీద చూసుకుంటూ గుండె దాకా పంపుతారు. ఆ తీగ మీదుగా కాథెటర్ అనే సన్నని మెత్తని గొట్టం పోతుంది. స్టెంటు ఒక బుల్లి బెలూన్ మీద నొక్కి బిగించి ఉంటుంది. సరైన చోటుకి చేరాక బెలూన్‌ను ఉబ్బిస్తారు. స్టెంటు విచ్చుకుని కాలువ గోడలకు అదుముకుంటుంది. బెలూన్‌ను కుదించి వెనక్కి లాగేస్తారు. మూడు కిలోల బిడ్డలో ఆ కాలువ వెడల్పు నాలుగైదు మిల్లీమీటర్లకు మించదు. పని చేసేది ఆ కాస్త జాగాలో, నిమిషానికి నూట ముప్పై, నూట నలభైసార్లు కొట్టుకునే గుండె పక్కన.

ఇలాంటి చోట స్టెంటు ఒక్కోసారి జారుతుంది. కారణాలు పలురకాలు. కాలువ కొలతను ఎక్స్‌రేలో చూసి అంచనా వేయాలి. అనుకున్నదానికంటే వెడల్పుగా ఉంటే స్టెంటు పట్టు చిక్కదు. మందు ప్రభావం వల్ల కాలువ మరీ విచ్చుకుని ఉన్నా అంతే. అందుకే స్టెంటు వేసేముందు ఆ మందును తగ్గించడమో, ఆపడమో చేసి, కాలువ కాస్త బిగిసేదాకా ఆగుతారు. కాలువ వంకరటింకరగా ఉంటే మలుపులో స్టెంటు బెలూన్ మీది నుంచి ఊడిరావచ్చు. బెలూన్ మధ్యలో పగలవచ్చు. ఇవన్నీ చేయి తిరిగినవాళ్ల దగ్గర కూడా అప్పుడప్పుడూ జరిగేవే. అందుకే మనచేత సంతకం పెట్టించుకునే కాగితంలో ఈ మాట ముందే రాసి ఉంటుంది. జారింది అనగానే ఎవరో నిర్లక్ష్యం చేశారని అర్థం కాదు. బిడ్డ ప్రాణం పోయినట్టూ కాదు.

జారినది ఎక్కడికి పోతుంది? రక్తం ఎటు పారితే అటు. అడ్డకాలువ నుంచి జారితే సాధారణంగా ఊపిరితిత్తుల నాళంలోకి పోతుంది. లేకపోతే బృహద్ధమనిలో కిందికి దిగి కడుపు వైపో, కాలి వైపో పోతుంది. గుండె కుడి గది నుంచి బయటికి పోయే దారిలో పెట్టిన స్టెంటయితే వెనక్కి ఆ గదిలోనే పడవచ్చు. అలాగే వదిలేస్తే ప్రమాదం. గుండె కవాటంలో చిక్కుకోవచ్చు, కొట్టుకునే లయ తప్పించవచ్చు, దాని మీద రక్తం గడ్డకట్టవచ్చు, ఒక నాళానికి అడ్డం పడవచ్చు.

మరి ఎలా తీస్తారు? పూర్వమైతే రొమ్ము తెరవాల్సిందే అనుకునేవారు. 1964లో అమెరికాలో డాక్టర్లు ఒక రోగి గుండె కుడి గదిలో విరిగిపోయిన తీగ ముక్కను, ఊపిరి గొట్టాలు పరీక్షించేటప్పుడు వాడే పొడుగాటి పట్టకారుతో, కోత లేకుండా రక్తనాళం దారినే బయటికి లాగారు. అప్పటినుంచి ఈ విద్య పెరుగుతూ వచ్చింది.

మొదటి సూత్రం ఏమిటంటే, తీగను వదలకూడదు. మనం పూసలు గుచ్చుతాం చూడండి, పూస చేతిలోంచి జారినా దారం లోపల ఉందంటే ఎక్కడికీ పోదు. అలాగే స్టెంటు జారినా దాని మధ్యలోంచి ఆ సన్నని తీగ ఇంకా పోతూ ఉందంటే సగం భయం తీరినట్టే. ఆ తీగ మీదుగానే మళ్లీ చిన్న బెలూన్ పంపి, స్టెంటు లోపల కాస్త ఉబ్బించి, దాన్ని పట్టుకుని నెమ్మదిగా వెనక్కి తెస్తారు. వీలైతే అనుకున్న చోటనే మళ్లీ అమరుస్తారు.

తీగ కూడా తప్పిపోయిందనుకోండి, అప్పుడు ఉచ్చు వేస్తారు. మన పాతకాలపు ఇళ్లలో చేద తాడు తెగి బావిలో పడితే ఏం చేసేవాళ్లం? పక్కింటికి పోయి పాతాళ గరిగె అడిగి తెచ్చేవాళ్లం. ఆ కొక్కేల గుత్తిని తాడుకి కట్టి నీళ్లలోకి దింపి, అటూ ఇటూ కదుపుతూ ఉంటే ఎక్కడో టక్కుమని చేద చెవికి తగులుకునేది. అప్పుడు తొందరపడకుండా, గోడకి కొట్టుకోకుండా పైకి లాగాలి. ఇక్కడా అంతే. కాథెటర్ లోంచి ఒక తీగ ఉచ్చును పంపుతారు. బాతుమెడ లాగా వంగి ఉంటుంది, కొసన గుండ్రని ఉచ్చు. నికెల్, టైటానియం కలిసిన లోహంతో చేసిన ఆ తీగను ఎంత నలిపి గొట్టంలో దూర్చినా, బయటికి రాగానే తన ఆకారం తాను తెచ్చుకుంటుంది. ఉచ్చుకు బంగారు పూత పెట్టినవీ ఉన్నాయి, సోకుకు కాదమ్మా, ఎక్స్‌రేలో బాగా కనబడటానికి! ఆ ఉచ్చును స్టెంటు కొసకు తగిలించి, కాథెటర్‌ను ముందుకు తోస్తే ఉచ్చు బిగుస్తుంది. ఉచ్చు పట్టనిచోట బుల్లి పట్టకార్లు, తీగల బుట్టలు ఉన్నాయి.

పట్టుకోవడం ఒక ఎత్తు, బయటికి తేవడం ఇంకొక ఎత్తు. విచ్చుకున్న స్టెంటు మళ్లీ ముడుచుకోదు. మూరెడు బిడ్డ తొడలోని నాళం ఎంత ఉంటుంది? అందులోంచి ఆ గరుకు జాలీని అలాగే లాగితే నాళం చీరుకుపోతుంది. కనుక ఇంకాస్త పెద్ద గొట్టం తొడిగి, స్టెంటును దాని మూతి దగ్గర ఒక వైపు నుంచి నలుపుతూ లోపలికి లాగి, గొట్టంతో సహా తీస్తారు. గొట్టంలోకి రాకపోతే తొడ దాకా తెచ్చి, అక్కడ చిన్న కోతతో తీస్తారు. ఒక్కోసారి తీయడంకంటే ఉంచడమే మేలని, రక్తానికి అడ్డం కాని చోటికి దాన్ని చేర్చి, అక్కడే గోడకు అదిమి వదిలేస్తారు. ఏదీ కుదరకపోతే శస్త్రచికిత్స ఉండనే ఉంది. అందుకని బిడ్డకు స్టెంటు వేయిస్తామన్నప్పుడు "అవసరమైతే పిల్లల గుండె ఆపరేషన్ చేసే సర్జన్ ఇక్కడే ఉంటారా?" అని ఒక్క ప్రశ్న అడగండి. అడగడం తప్పు కాదు, తల్లి హక్కు.

ఇంత విన్నాక ఆ పెద్దావిడ, "అంటే వాళ్లు బిడ్డను పాడుచేయలేదంటావా?" అంది. కాగితం తిప్పి చూపించాను. మొదటి స్టెంటు ఊపిరితిత్తుల నాళంలోకి జారింది, ఉచ్చుతో తీశారు, రెండోది కాస్త పెద్దది వేశారు, రక్తం బాగా పారుతోంది అని ఉంది అందులో. "మగ్గం మీద పోగు తెగితే నువ్వు చీర పారేస్తావా అవ్వా?" అన్నాను. "ఎట్ల పారేస్తాం? కొస దొరకబట్టి అతుకు వేస్తాం" అంది. "వాళ్లు చేసింది అదే. ఇప్పుడు ఆ అతుకును తెంపుతున్నది మీరు" అన్నాను.

ఎందుకన్నానో వినండి. స్టెంటు మన ఒంటికి పరాయి లోహం. దాని మీద రక్తం గడ్డకట్టాలని చూస్తుంది. అలా కట్టకుండా చూసేదే ఆ చిన్న మోతాదు ఆస్పిరిన్ మాత్ర. పెద్దవాళ్ల గుండెజబ్బుకు ఇచ్చేదీ అదే. కాకపోతే బిడ్డ బరువును బట్టి లెక్కగట్టి ఇస్తారు. నాలుగు మిల్లీమీటర్ల గొట్టంలో చిన్న గడ్డ చేరినా దారి మూసుకుపోతుంది. ఆ బిడ్డకు ఊపిరితిత్తులకు పోయే దారి అదొక్కటే. గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది.

కనుక స్టెంటు ఉన్న బిడ్డ ఇంట్లో ఉంటే ఈ సంగతులు గుర్తుపెట్టుకోండి.

మాత్ర సొంతంగా ఆపకూడదు. మరిచిపోతే రెండు కలిపి వేయకూడదు, ఆసుపత్రికి ఫోన్ చేసి అడగాలి. బిడ్డకు అమ్మవారు పోసినా, ఫ్లూ జ్వరం వచ్చినా వెంటనే డాక్టరుకు చెప్పాలి. అటువంటప్పుడు పిల్లలకు ఆస్పిరిన్ వల్ల అరుదుగా ప్రమాదం వస్తుంది కనుక మార్పు చేయాలా అన్నది వాళ్లే చెబుతారు. జ్వరానికి, నొప్పికి అంగడిలో అడిగి తెచ్చిన మందు వేయకండి.

వాంతులు, విరేచనాలు అయితే ఇంట్లో కూర్చోకండి. ఒంట్లో నీరు తగ్గితే రక్తం చిక్కబడుతుంది, స్టెంటు పూడుకుపోయే భయం హెచ్చుతుంది. మన అనంతపురం సీమ ఎండలు మీకు చెప్పనవసరం లేదు. మామూలు బిడ్డకైతే ఒక పూట చూద్దామనుకుంటాం. ఈ బిడ్డకు ఆ పూట కూడా ఆగకూడదు.

నీలిరంగును ముఖంలో వెతక్కండి. మన చామనఛాయ పిల్లల్లో అది తేలిగ్గా కనబడదు. నాలుక, పెదవుల లోపలి భాగం, గోళ్లు చూడండి, పగటి వెలుతురులో చూడండి. ఈ బిడ్డలు ఎప్పుడూ కాస్త నీలంగానే ఉండవచ్చు. రోజూ చూసే రంగుకన్నా ముదిరిందంటే అది గుర్తు. పాలు తాగుతూ తాగుతూ అలసిపోవడం, నుదుట చెమట, డొక్కలు ఎగరేయడం, ఎన్నడూ లేనంత మగతగా ఉండటం, ఇవీ గుర్తులే.

తొడలోంచి తీసిన బిడ్డకు మొదటి కొన్ని రోజులు రెండు కాళ్లూ పట్టి చూడండి. ఒక కాలు చల్లగానో, పాలిపోయో ఉంటే, గుచ్చిన చోట వాపు వస్తే వెంటనే చూపించాలి.

టీకాలు మానవద్దు. ఆసుపత్రి కాగితాలు మడిచి బియ్యం డబ్బాలో పడేయకండి. స్టెంటు కొలత, వేసిన తేదీ ఉన్న కాగితాన్ని ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. రేపు వేరే ఊళ్లో వేరే డాక్టరు చూడాల్సి వస్తే మొదట అడిగేది అదే.

అన్నిటికంటే ముఖ్యం, చెకప్పు. బిడ్డ పెరుగుతుంది కానీ స్టెంటు పెరగదు. ఇది నెలల తరబడి బిడ్డను కాచే వంతెన మాత్రమే. తరవాత సరైన వయసులో చేయాల్సిన ఆపరేషన్ ఉంటుంది. ఎకో పరీక్ష చేస్తేనే ఆ సమయం వచ్చిందో లేదో తెలుస్తుంది.

ఇక ఎక్కడికి పోవాలి అంటారా? మన ప్రాంతం ఈ విషయంలో అదృష్టవంతురాలే. పుట్టపర్తిలో 1991 నవంబరు 22న అప్పటి ప్రధాని పి.వి. నరసింహారావు గారు ప్రారంభించిన శ్రీ సత్యసాయి ఉన్నత వైద్య ఆసుపత్రి ఉంది. గుండె చికిత్సలు అక్కడ ఉచితం. హిందూపురం నుంచి సుమారు వంద కిలోమీటర్లలో బెంగుళూరు, అక్కడ జయదేవ సంస్థ, నారాయణ హృదయాలయ ఉన్నాయి. తిరుపతిలో 2021 అక్టోబరులో దేవస్థానం వారు పిల్లల కోసమే శ్రీ పద్మావతి హృదయాలయం తెరిచారు. డబ్బు గురించి బెంగపడి ఆగిపోకండి. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో మన అనంతపురం ఒకటి. ప్రభుత్వాలు మారినప్పుడు పేరు మారినా పథకం నడుస్తూనే ఉంది. బిడ్డ లోపం ఏమిటో కాగితం చూపించి, ఆసుపత్రిలోని ఆ కౌంటరులో ముందే అడగండి. అంగన్‌వాడీకి, బడికి వచ్చి పిల్లల్ని పరీక్షించే ప్రభుత్వ బృందాలు కూడా 2013 నుంచి ఉన్నాయి. గుండె లోపాలు వాళ్లు చూసే జబ్బుల్లో ఒకటి.

గర్భిణులు ఇంట్లో ఉన్న అత్తలకు, అమ్మలకు రెండు మాటలు. ఐదో నెలలో చేసే స్కానింగులో గుండె గదులు చూశారా అని అడగండి. మేనమామకో, మేనబావకో ఇచ్చి చేసిన పిల్లయితే తప్పక అడగండి. దగ్గరి సంబంధాల్లో ఇటువంటి లోపాలు కొంత ఎక్కువగా వస్తాయి. కాన్పయ్యాక ఇంటికి తెచ్చుకునేముందు బిడ్డ కుడి చేతికీ, ఒక కాలికీ ఆక్సిజన్ చూసే క్లిప్పు పెట్టి చూడమనండి. ఐదు నిమిషాల పని, నొప్పి లేదు. కంటికి కనబడని నీలాన్ని అది పట్టిస్తుంది.

రైలు పెనుకొండ చేరబోతోంది. కొండ మీది కోటగోడలు కనబడుతున్నాయి. ఆ పెద్దావిడ చాలాసేపు మాట్లాడలేదు. తరవాత నడుముకు దోపుకున్న ఫోన్ తీసి నా చేతికిచ్చింది. "కోడలికి కలిపియ్యి తల్లీ" అంది. కలిపాను. "ఏమే, బిడ్డ పాలు తాగినాడా? నాలుక చూడు, వాకిట్లోకి ఎత్తుకొచ్చి చూడు... ఆ కాగితం మీద ఆసుపత్రి నంబరుందంట. ఇప్పుడే ఫోన్ చేసి, మాత్ర రెండు దినాలు మానినాం, ఏం చేయమంటారని అడుగు. దాచిపెట్టొద్దు. రేపు ఎట్లా తేదీ ఉంది, పొద్దున బండికే పోదాం. నేను ఈ బండి దిగి మళ్లా వచ్చే బండికి ఇంటికొస్తా" అంది.

కూతురికి తెచ్చిన వేరుశనగ ఉండల మూట నా ఒళ్లో పెట్టి, "నువ్వే తిను సిస్టరమ్మా, నా కూతురికి ఇంకోసారి తెస్తా" అంటూ దిగిపోయింది. ప్లాట్‌ఫారం మీద ధర్మవరం పోయే బండి ఎన్నింటికో అడుగుతూ ఉండగా మా రైలు కదిలింది.

మీ ఇంట్లో గానీ, పొరుగింట్లో గానీ ఇటువంటి బిడ్డ ఉంటే ఈ నాలుగు మాటలూ చెప్పండి.

సెలవు.